ఎమోజీల వ్యంజకత్వము: యువజనుల సందేశరచనపై ఒక పరిశీలనము

1. ప్రస్తావన

మాటాడువానికి మాట యొక్కటియే సాధనము కాదు. కంఠస్వరము, కనుబొమల కదలిక, చేతి విసురు, ముఖరాగము - ఇవి యన్నియు మాటకు తోడు వచ్చి అర్థమును నిలువబెట్టును. వ్రాయువానికి ఈ తోడు లేదు. "బాగానే ఉంది" అను రెండు మాటలు ఒక స్వరమున పలికినచో తృప్తి, మఱియొక స్వరమున పలికినచో నిష్ఠురము, ఇంకొక స్వరమున పలికినచో పరిహాసము. కాగితముపై ఈ మూడును ఒక్కటే. ఈ కొఱతను పూర్వులు ఎఱుగకపోలేదు. నాటకకర్తలు పాత్రల మాటలకు ముందు కుండలీకరణములలో "నవ్వుచు", "కోపముతో", "తనలో" అని వ్రాయుటయు, ఉత్తరములు వ్రాయువారు సంబోధనలను, ముగింపు మాటలను తూచి వాడుటయు ఈ కొఱతను తీర్చుకొను ప్రయత్నములే.

నేటి యువజనులు ఫోనులలో ఒకరికొకరు పంపుకొను సందేశములందు ఈ కొఱతకు వేఱొక ఉపాయము వాడుకలోనికి వచ్చినది. అదియే ఎమోజీ. నవ్వు ముఖము, ఏడ్పు ముఖము, జోడించిన చేతులు, ఎత్తిన బొటనవ్రేలు, కపాలము, నిప్పు మున్నగు చిన్నచిన్న బొమ్మలను వాక్యము చివరనో, వాక్యమునకు బదులుగానో చేర్చుట నేడు సర్వసామాన్యము. దీనిని గూర్చి రెండు అభిప్రాయములు ప్రచారమున నున్నవి. మాటలు చేతకానివారే బొమ్మల నాశ్రయింతురనియు, ఇది భాషాక్షయమునకు గుఱుతనియు ఒక పక్షము. దేశభాషాభేదములు లేక లోకమంతటికిని బోధపడు విశ్వభాష పుట్టినదని రెండవ పక్షము. ఈ రెండు పక్షములును పరీక్షకు నిలువవనియు, ఎమోజీ పదమునకు బదులుగా వచ్చినది కాక కాకువునకును ఆంగికాభినయమునకును బదులుగా వచ్చినదనియు, దాని అర్థమును నిర్ణయించుటకు మన ఆలంకారికులు చెప్పిన వ్యంజనావ్యాపారమే తగిన సాధనమనియు ఈ వ్యాసమున నిరూపింప యత్నించుచున్నాను. ఇందు ఉదాహరించిన సందేశములు వాడుక ననుసరించి వివరణార్థము కల్పించినవే కాని, ఏ వ్యక్తుల లేఖలనుండియు గ్రహించినవి కావు.

2. పుట్టుక, పేరు

అక్షరముల నడుమ ముఖమును చూపవలెనను ఆలోచన ఎమోజీకంటె పాతది. 1982 సెప్టెంబరు 19 వ తేదీన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్కాట్ ఫాల్‌మన్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక సూచన చేసెను. అచటివారు కంప్యూటరుద్వారా వ్రాసికొను ప్రకటనలలో ఏది పరిహాసమో ఏది యథార్థమో తెలియక వాదములు పెరుగుచుండెను. కావున పరిహాసముగా వ్రాసిన మాట చివర రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణ చిహ్నము వరుసగా నుంచవలెనని ఆయన సూచించెను. తల పక్కకు వంచి చూచినచో అది నవ్వు ముఖము. ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ చిహ్నము ఏ పదమునకును బదులుగా పుట్టలేదు; "ఈ మాటను ఎట్లు గ్రహింపవలెను" అను ప్రశ్నకు సమాధానముగా పుట్టినది.

ఎమోజీ జపానుదేశపు శబ్దము. "ఎ" అనగా చిత్రము, "మోజి" అనగా అక్షరము; చిత్రాక్షరమని అర్థము. భావోద్వేగమును తెలుపు ఆంగ్లశబ్దముతో దీనికి గల పోలిక కేవలము యాదృచ్ఛికము. 1997 లోనే జపానులో ఒక ఫోను సంస్థ 90 చిత్రములను తన ఫోనులలో చేర్చెను. 1999 లో ఎన్.టి.టి. డొకోమో సంస్థకొఱకు షిగెటాకా కురిటా 176 చిత్రములను రూపొందించెను. అడ్డముగా 12, నిలువుగా 12 చుక్కలు గల చిన్న గడిలో ఒక్కొక్క చిత్రమును ఇముడ్చవలసి వచ్చెను. ఈ చిత్రములను న్యూయార్కులోని ఆధునిక కళామ్యూజియము 2016 లో తన సంగ్రహమున చేర్చుకొన్నది.

ప్రపంచ భాషల లిపులన్నింటికిని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నేర్పరచు యూనికోడ్ ప్రమాణమున 2010 లో, ఆరవ కూర్పునందు, ఎమోజీలు పెద్దయెత్తున చేరినవి. 2015 లో ముఖములకును చేతులకును ఐదు చర్మవర్ణములు ఏర్పడినవి. నేటికి ఎమోజీల సంఖ్య 3,700 మించినది. తెలుగు "అ" కారమునకు సంఖ్య నిచ్చిన ప్రమాణమే నవ్వు ముఖమునకును సంఖ్య నిచ్చినదనుట మనము మఱువరాదు. అంతేకాదు, తల్లి, తండ్రి, బిడ్డ అను మూడు చిత్రములను కూర్చి ఒక కుటుంబముగా చూపుటకు వాడబడు కంటికి కనబడని సంధాయక సంకేతము, లిపులలో అక్షరముల కలయికను నియమించుటకై ఏర్పడినదే. సంయుక్తాక్షరములతో పెరిగిన మనకు ఈ యేర్పాటు వింత కాదు.

దీనిని తెలుగున భావచిత్రమని పిలువవచ్చునని కొందఱికి తోచవచ్చును. కాని ఆ మాట కావ్యవిమర్శయందు వేఱొక అర్థమున స్థిరపడినది. కావున ఎమోజీ యను పేరునే గ్రహించుచున్నాను.

3. పదమా, అభినయమా?

2015 లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు ఆనందబాష్పముల ముఖమును ఆ సంవత్సరపు పదముగా ఎన్నుకొనిరి. అక్షరములు లేని చిహ్నమును పదమని ఎన్నుకొనుట అదియే ప్రథమము. ఇది వాడుక విస్తృతికి గుర్తింపు అగునేకాని శాస్త్రీయ నిర్ణయము కాదు. పదమునకు ఉండవలసిన లక్షణములు ఎమోజీకి లేవు. దానికి విభక్తి లేదు, వచనము లేదు, కాలము లేదు, వ్యతిరేకార్థము లేదు. పిల్లిబొమ్మను చేపబొమ్మను పక్కపక్క నుంచినచో పిల్లి చేపను తిన్నదా, తినబోవుచున్నదా, తినలేదా అనునది తెలియదు. "పిల్లి చేపను తినకపోయినచో" అను అసమాపక వాక్యమును బొమ్మలతో చెప్పుట అసాధ్యము. మెల్విల్ రచించిన మోబీ డిక్ అను ఆంగ్లనవలను ఎమోజీలలోనికి మార్చి 2010 లో ఒక గ్రంథముగా వెలువరించిరి. కాని అందు ప్రతి చిత్రపంక్తి క్రిందను మూలవాక్యమును ముద్రింపక తప్పలేదు. మూలము లేనిచో చదువువానికి కథ తెలియదు. విశ్వభాషావాదమునకు ఈ గ్రంథమే చాలిన సమాధానము.

మఱి ఎమోజీ చేయుపని యేమి? డ్రెస్నర్, హెరింగ్ అను భాషావేత్తలు 2010 లో ప్రకటించిన వ్యాసమున, ఈ ముఖచిహ్నములు భావోద్వేగమును తెలుపుటయే కాక, వాక్యముయొక్క ఉద్దేశమును - అది ఆజ్ఞయో, ప్రార్థనయో, ఆక్షేపమో, పరిహాసమో - సూచించునని నిరూపించిరి. గాన్, మెకల్లక్ అనువారు 2019 లో ఎమోజీలను చేతిసైగలతో పోల్చి వివరించిరి. ఈ రెండు సిద్ధాంతములును మనకు క్రొత్తవిగా తోచవు. నాట్యశాస్త్రమున భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. కంఠస్వరభేదముచేత అర్థభేదము కలుగుటను కాకువని వ్యవహరించెను. లిఖితసందేశమున వాచికము మాత్రమే మిగులును. చేతిసైగల ఎమోజీలు ఆంగికమునకును, కన్నీరు, చెమట, ముఖము ఎఱ్ఱబాఱుట మున్నగువానిని చూపు ఎమోజీలు సాత్త్వికమునకును ప్రతినిధులు. వాక్యాంతమున నిలిచి వాక్యపు స్వరమును మార్చు ఎమోజీలు కాకువునకు ప్రతినిధులు.

ఒక ఉదాహరణము. ఒక విద్యార్థి స్నేహితునకు "నువ్వు లేకుండా సినిమాకి వెళ్ళాం" అని వ్రాసెననుకొందము. చివర ఏడ్పు ముఖ మున్నచో అది పశ్చాత్తాపము. నాలుక చాపిన ముఖ మున్నచో అది ఉడికించుట. ఏమియు లేక పూర్ణవిరామ మున్నచో అది కేవల సమాచారము. ఒక్కొక్కప్పుడు కోపము కూడ. వాక్యమున ఒక్క అక్షరము మాఱలేదు. మాఱినది కాకువు మాత్రమే.

పూర్ణవిరామమును గూర్చిన ఈ మాట విపరీతముగా తోచవచ్చును. కాని ఫోను సందేశములలో ఒంటిమాట జవాబునకు చివర చుక్క పెట్టినచో చదువువారికి అది మనఃపూర్వకము కానట్లు తోచునని 2015 లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిరి. సందేశము ముగిసినదని తెలుపుటకు చుక్క అక్కఱలేని చోట చుక్క పెట్టినచో దానికి వేఱొక ప్రయోజనమును చదువరి ఊహించును. మన తాళపత్రములలో నేటివంటి విరామచిహ్నములు లేవు. అవి అచ్చుయంత్రముతో వచ్చినవి. విరామచిహ్నముల నెరువు తెచ్చుకొనినంత మాత్రమున తెలుగు చెడిపోలేదు. ఎమోజీవిషయమున కలుగు భయమును ఈ దృష్టితో చూడవలెను.

4. అర్థనిర్ణయము

ఎమోజీకి అభిధార్థము కలదా? కలదు. కపాలమునకు అభిధార్థము మరణము. కాని యువజనులు దానిని నవ్వునకు వాడుదురు. స్నేహితుడు పంపిన హాస్యపు మాటకు ప్రత్యుత్తరముగా కపాలమును పంపినచో "నవ్వి నవ్వి చచ్చాను" అని అర్థము. ఇచట ముఖ్యార్థమునకు బాధ కలదు. పంపినవాడు బ్రదికియే యున్నాడు. నవ్వుయొక్క అతిశయమును తెలుపుట ప్రయోజనము. కావున ఇది లక్షణకు చక్కని ఉదాహరణము. తెలుగున ఆ నుడికారము ముందే యుండుటచేత మన విద్యార్థులకు దీనిని నేర్పవలసిన పని లేకపోయినది. వెక్కివెక్కి ఏడ్చు ముఖమును నవ్వునకు వాడుటయు ఇట్టిదే. కన్నీరు దుఃఖమునకును నవ్వునకును సమానమైన సాత్త్వికభావ మగుట దీనికి ఆధారము.

ప్రయోజనముతో పుట్టిన లక్షణ వాడుకచేత రూఢియై, రూఢియైన పిదప తన శక్తిని కోల్పోవును. ఆనందబాష్పముల ముఖమునకు ఈ గతియే పట్టినది. అందఱును ప్రతి మాటకును వాడుటచేత అది ఆంగ్లభాషీయులైన యువజనులలో పెద్దవారి గుఱుతుగా భావింపబడుట 2021 నాటికి పత్రికలలో చర్చకు వచ్చినది. పాతబడిన ఉపమానమును కవి విడిచినట్లు వారు ఆ బొమ్మను విడిచి కపాలము నాశ్రయించిరి. ఇది భాషాదారిద్ర్యము కాదు. వ్యంజకశక్తి తఱిగినదానిని విడిచి క్రొత్తదానిని వెదకుట.

ఇక వ్యంజన. "గొప్ప పని చేశావు" అని వ్రాసి తలక్రిందైన నవ్వు ముఖమును చేర్చినచో స్తుతి నిందగా మాఱును. విపరీతలక్షణకు ఇంతకంటె స్పష్టమైన గుఱుతు వ్రాతయందు మనకు లేకుండెను. కాని ఆ ముఖము ఎల్లవేళల నిందనే తెలుపదు. ఎప్పుడు నింద, ఎప్పుడు చనవు, ఎప్పుడు ఆత్మపరిహాసము అనునది దేనిచేత తెలియును? కావ్యప్రకాశమున మమ్మటుడు అర్థవ్యంజకత్వమునకు కారణములను పేర్కొనుచు వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మున్నగు వాని విశేషములను చెప్పెను. ఆదిశబ్దముచేత చేష్టాదులు గ్రహింపబడును. ఎమోజీని చదువుటకు ఈ పట్టిక యథాతథముగా ఉపకరించును. పంపినది తల్లియా, తరగతి సహాధ్యాయియా? చదువునది ఒక్కడా, నూఱుమంది గల సమూహమా? అంతకుముందు జరిగిన ప్రస్తావ మేమి? సందేశము వచ్చినది పగలా, అర్ధరాత్రియా? ఈ ప్రశ్నలకు సమాధానము లేనిదే ఎమోజీకి అర్థము లేదు. అందుచేతనే ఎమోజీల నిఘంటువు అభిధార్థమునకు మించి మనకు తోడ్పడజాలదు.

5. తెలుగు వ్యవహారమున ఎమోజీ

తెలుగు వాక్యము సామాన్యముగా క్రియతో ముగియును. వక్త మనోభావమును, వినువానితో అతనికిగల సంబంధమును తెలుపు చిన్నచిన్న మాటలు క్రియ తరువాత చేరును. "వస్తాను" అనునది సమాచారము. "వస్తాలే" అనునది ఊఱడింపో, నిర్లక్ష్యమో. "వస్తాగా" అనునది నమ్మబలుకుట. "వస్తారా" అని స్నేహితునితోను, "వస్తానే" అని చెలికత్తెతోను, "వస్తానండి" అని పెద్దలతోను అందురు. ఈ ప్రత్యయప్రాయములైన పదములు నిలుచుచోటనే ఎమోజీయు నిలుచుచున్నది. "వస్తాను" అని వ్రాసి చివర కన్ను గీటిన ముఖము నుంచినచో అది "లే" చేయుపనిని, జోడించిన చేతుల నుంచినచో "అండి" చేయుపనిని కొంతవఱకు చేయును. తెలుగును రోమనులిపిలో వ్రాయు యువజనులు చాలమంది కలరు. ఆ లిపిలో "వస్తారా" అనునది చనవుతో కూడిన సంబోధనమో, బహువచనపు ప్రశ్నయో తెలియక తికమక కలుగును. ఎమోజీ ఆ తికమకను తీర్చును.

రెండవ అంశము ద్విరుక్తి. తెలుగున "మెల్లమెల్లగా", "చిన్నచిన్న" అని పదమును రెట్టించి ఆధిక్యమును, వీప్సను తెలుపుట కలదు. రెట్టించినప్పుడు రెండవ రూపమును వైయాకరణులు ఆమ్రేడితమనిరి. నిప్పుబొమ్మను ఒక్కటి పంపుట మెప్పు. మూడు పంపుట గొప్ప మెప్పు. ఎమోజీకి తరతమభావమును తెలుపు వ్యాకరణ మున్నదనినచో అది ఈ ఆమ్రేడిత మొక్కటియే.

మూడవది జోడించిన చేతులు. జపానులో ఇది ప్రార్థనకును కృతజ్ఞతకును వాడుకలో నున్నది. పాశ్చాత్యులలో కొందఱు దీనిని ఇద్దఱు అరచేతులు చఱచుకొనుటగా భావించిరి. మనకు ఇది సందేహము లేని నమస్కారము. అభినయదర్పణమున నందికేశ్వరుడు అంజలిహస్తమును దేవతలకు శిరస్సునందును, గురువులకు ముఖమునందును, విప్రులకు వక్షమునందును పట్టవలెనని భేదము చెప్పెను. ఎమోజీకి శిరస్సు, వక్షము అను స్థానభేదము లేదు. కాని వాడుకరులు సంఖ్యాభేదముచేత ఆ లోటును పూరించుచున్నారు. అధ్యాపకునకు ఒక్క నమస్కారము. దేవుని పటము క్రింద మూడో, అయిదో. మృతివార్త క్రిందను ఇదే చిహ్నము వచ్చును, అప్పుడది శ్రద్ధాంజలి. ఒకే ముద్ర ప్రకరణభేదముచేత పెక్కు వినియోగములు పొందుట నాట్యమెఱిగినవారికి క్రొత్త కాదు.

6. అపార్థములు

వ్యంజన ప్రకరణాధీన మగుటచేత, ప్రకరణము తెలియనిచోట అపార్థము తప్పదు. ఎమోజీవిషయమున దీనికి యంత్రసంబంధమైన కారణము కూడ కలదు. యూనికోడ్ నిర్ణయించునది సంఖ్యను, పేరును మాత్రమే. బొమ్మను ఏ సంస్థకు ఆ సంస్థ గీసికొనును. పంపినవాడు చూచిన ముఖము వేఱు, అందుకొన్నవాడు చూచిన ముఖము వేఱు కావచ్చును. 2016 లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన పరిశీలనమున, ఒకే సంస్థ గీసిన ఒకే బొమ్మను చూచినవారు కూడ అది అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అను విషయమున నూటికి 25 పర్యాయములు ఏకీభవింపలేదని తేలినది. ఆ సంవత్సరముననే ఆపిల్ సంస్థ తుపాకి బొమ్మను నీళ్ళతుపాకిగా మార్చెను. ఇతర ప్రధాన సంస్థలు 2018 లో ఆ మార్గమున నడచినవి. నడుమనున్న కాలమున ఒకరు పంపిన ఆటబొమ్మ వేఱొకరికి ఆయుధమై కనబడుటకు అవకాశ మేర్పడినది.

అపార్థము న్యాయస్థానమువఱకు పోయిన సందర్భము కలదు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రమున 2021 లో ఒక ధాన్యవర్తకుడు అవిసెగింజల కొనుగోలు ఒప్పందపు ఛాయాచిత్రమును రైతునకు పంపి, దానిని ధ్రువపఱుపవలెనని కోరెను. రైతు ఎత్తిన బొటనవ్రేలి బొమ్మను పంపెను. గడువునకు గింజలు చేరలేదు, ధర పెరిగినది. పత్రము చేరినదని మాత్రమే తన భావమని రైతు వాదించెను. అది అంగీకారమే యని 2023 లో న్యాయస్థానము నిర్ణయించి 82,000 డాలరులకు మించిన నష్టపరిహారము విధించెను. 2024 లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించినది. ఆ తీర్పునకు ముఖ్యాధారము, ఆ రైతు పూర్వపు ఒప్పందములకును ఇట్టి పొట్టిమాటలతోనే సమ్మతి తెలిపి, సరకు నందజేసి యుండుట. మమ్మటుడు వక్తృవైశిష్ట్యము, ప్రస్తావవైశిష్ట్యము అనినవి న్యాయమూర్తి చేతిలో సాక్ష్యములైనవి.

ఈ బొటనవ్రేలే మన కళాశాలలలోను చిక్కు తెచ్చుచున్నది. అధ్యాపకుడు తరగతి సమూహమున "రేపు పది గంటలకు పరీక్ష" అని వ్రాయును. విద్యార్థి బొటనవ్రేలు పెట్టును. "అలాగే సార్" అను మాటకు అలవాటుపడిన అధ్యాపకునకు అది అవినయముగా తోచును. విద్యార్థి తలంపు వేఱు. అఱువదిమంది అఱువది పర్యాయములు "అలాగే సార్" అని వ్రాసి సమూహమును నింపుటకంటె ఒక్క గుఱుతు పెట్టుట మర్యాదయని అతని తలంపు. ఆ విద్యార్థియే స్నేహితురాలి పొడుగాటి లేఖకు ఒంటి బొటనవ్రేలు వచ్చినచో తానే నొచ్చుకొనును. ఒకే గుఱుతు ఒకచోట మర్యాద, ఒకచోట తిరస్కారము. ఈ భేదము నెఱుగక వినయావినయములను నిర్ణయించుట న్యాయము కాదు.

7. ఫలితాంశములు

పైపరిశీలనమువలన మూడు విషయములు సిద్ధించుచున్నవి. ఎమోజీ భాష కాదు. భాషకు తోడువచ్చు అభినయము. దాని అర్థము లక్షణావ్యంజనలచేత ప్రకరణము ననుసరించి కలుగును. తెలుగున అది వాక్యాంతపు అవ్యయములతోడను, మర్యాదావాచకములతోడను, ద్విరుక్తితోడను సంబంధము పెట్టుకొని ప్రవర్తించుచున్నది.

ఈ మూడవ అంశమున పరిశోధనకు చాల తావు కలదు. సందేశములను సేకరించు పరిశోధకుడు వ్రాసినవారి అనుమతి పొందవలెను, పేర్లు తొలగింపవలెను, కాని వక్త, శ్రోతల సంబంధమును, పూర్వసందేశమును, కాలమును తప్పక గుర్తింపవలెను. ఇవి లేని సేకరణము ప్రకరణము లేని చాటుపద్యము వంటిది. వాడుక శీఘ్రముగా మాఱుచున్నది కావున సేకరణమునకు ఆలస్యము పనికిరాదు.

అధ్యాపకులకు ఇందు వేఱొక ప్రయోజనము కలదు. అలంకారశాస్త్రము పరీక్షకొఱకు కంఠస్థము చేయవలసిన మృతవిద్యయని తలచు విద్యార్థి నేడు పెక్కుచోటుల కనబడును. అతడు దినమునకు పలుమాఱులు విపరీతలక్షణను ప్రయోగించుచు, కాకువును గుర్తించుచు, ప్రకరణముచేత వ్యంగ్యమును గ్రహించుచునే యున్నాడు. తాను చేయుచున్న పనికి పేరు మాత్రము ఎఱుగడు. ఆ పేరు చెప్పి, అతని ఫోనులోని వాక్యమునుండి కావ్యములోని వాక్యమునకు త్రోవ చూపుట అధ్యాపకుని పని. ఆ పని జరిగినచో ఎమోజీవలన తెలుగునకు కలుగు హాని సంగతి యటుండగా, కొంత మేలే కలుగగలదు.